నిన్న దేని మీద వండినావు?

మేడం పోయిందని బేస్తవారం పొద్దున ఆమె తమ్ముడు ఫోన్ చేసినాడు. మడకశిర దగ్గర వాళ్ళ ఊర్లో, సొంత చేన్లోనే మట్టి చేస్తామని చెప్పినాడు. నేను అనంతపురంలో బస్సెక్కి పోయేసరికి అంతా అయిపోయింది. కొత్త మట్టి మీద ఎవరో బంతిపూల దండ పెట్టి పోయినారు. మందలోంచి తప్పుకుని వచ్చిన గొర్రె ఒకటి ఆ దండ తింటాంటే ఆమె తమ్ముడు అదిలించబోయి ఆగినాడు.

"తిననీలే. అక్కకు దండలంటే యాడ పడతాండె" అన్నాడు.

నిజమే. దండలు, శాలువలు ఆమెకు పడేవి కావు. ఒకసారి మీటింగులో ఎవరో పూలగుత్తి చేతిలో పెడితే, దాన్ని బల్ల మీద తలకిందులుగా పెట్టి నేరుగా మాటలోకి దిగింది. ఇప్పుడు నేను ఆమె యాడ పుట్టింది, ఏం చదివింది, ఎన్నేండ్లు ఉద్యోగం చేసింది అని రాసినా ఊరుకునేది కాదు. "అవన్నీ సర్వీసు రిజిస్టర్లో ఉంటాయి పాపా. నువ్వు చూసింది రాయి" అనేది. కాబట్టి నేను చూసిందే రాస్తాను.

మా సర్వే ఆఫీసుకు ఆమె పెద్ద. నేను కాంట్రాక్టు మీద చేరిన ఇన్వెస్టిగేటర్ని. దేశం కరెంటు విషయంలో, వంట విషయంలో ఎంత ముందుకు పోయిందో కొలిచే అంకెలు కొన్ని ఉంటాయి. ఎన్ని ఇండ్లకు కరెంటు వచ్చింది, ఎందరు పొగలేని పొయ్యి మీద వండుతున్నారు, పుట్టే కరెంటులో ఎండ నుంచి గాలి నుంచి వచ్చేది ఎంత, ఇట్లాంటివి. పుస్తకాల్లో సూచికలు అంటారు, మా ఆఫీసులో ఇండికేటర్లు. ఊరూరూ తిరిగి, ఇంటింటా అడిగి ఆ అంకెలు పంపేది మా పని. పైన వాటినన్నీ కలిపి దేశం ఇంత ఎదిగింది అని చెప్తారు.

మేడం పొడుగు మనిషి. నూలు చీర, కాళ్ళకు మగవాళ్ళ కాన్వాసు బూట్లు. గొర్రెలు మేపే ఇంట్లో పుట్టింది కాబట్టి నడకలో మమ్మల్ని ఎవర్నీ దగ్గరికి రానిచ్చేది కాదు. జీపులో సీటు కింద గుడ్డ సంచి నిండా వేయించిన శెనక్కాయలు ఉండేవి. ఒలుచుకుని తింటా పొట్టు అక్కడే వేసేది. మా డ్రైవరన్న రోజూ సాయంత్రం చీపురు తీసుకుని సణిగేవాడు. "అన్నా, ఈ జిల్లాలో పండేదే అది. దాని పొట్టన్నా నీ జీపుకు అంటనీ" అనేది. కోపమొస్తే మాత్రం తెలుగు చాలేది కాదు, కన్నడంలోకి పోయేది. "సుమ్నిరు!" అని ఒక్క అరుపు అరిస్తే ఆఫీసులో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినిపించేది కాదు. ఆమె మెత్తటి మనిషని నేను చెప్పను. ఆమె తిట్లకు ఏడ్చి పని మానేసిన ఆడపిల్లలు ఉన్నారు. మధ్యాహ్నం ఎండలో బస్టాండు దాకా వచ్చినవాళ్ళను, ఒక ఇంట్లో సరిగ్గా అడగలేదని, మళ్ళీ ఊర్లోకి నడిపించేది. తనూ నడిచేది.

నేను చేరిన మొదటి రోజే నన్ను కణేకల్ దగ్గర ఒక ఊరికి తీసుకుపోయింది. ఒక ఇంట్లో నడింట్లో సిలిండరు నిలబెట్టినారు. దానికి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, పైన అల్లిక గుడ్డ కప్పినారు. పక్కన స్టవ్వు తళతళా మెరుస్తాంది. ఆ ఇంటామె మురిసిపోతా చూపించింది. మేడం మెచ్చుకుంది. మెచ్చుకుంటానే బూటు కాలితో సిలిండరు అడుగును మెల్లగా తోసింది. అది బొంగరం మాదిరి ఊగింది. లోపల ఏమీ లేదు.

"నిన్న దేని మీద వండినావు తల్లీ?" అని అడిగింది.

ఆమె నవ్వింది. "ఇంగ దేని మీద మేడం, పెరట్లో పొయ్యి మీద. ఈ స్టవ్వు మీద సంగటి యాడైతాది? తెడ్డు పెట్టి కెలికితే గిన్నెతో పాటు స్టవ్వు గూడా తిరుగుతాది."

"సిలిండరు ఐపోయి ఎన్నాళ్ళయింది?"

"అప్పుడెప్పుడో పండక్కు పాయసం చేసినా. బండి మా ఊర్లోకి రాదు మేడం. రోడ్డు మీద దించి పోతాది. ఈయనేమో బెంగుళూరులో పనికి పోయినాడు. నేను మోసుకోని రావల్ల. దుడ్లు గూడా ఒక్కసారే పెట్టల్ల గదా. పొయ్యిలోకి జాలికంపకైతే ఒళ్ళు వంచితే చాలు."

బయటికి వచ్చినాక మేడం నా వైపు తిరిగింది. "గ్యాసుందా అని అడిగితే ఉండాదని చెప్తారు. అది అబద్దం గాదు, ఉండాది. నువ్వు ఏముండాదని అడగబాక. నిన్న దేని మీద వండినావని అడుగు. నిన్నటి కూడు గురించి ఎవురూ అబద్దం చెప్పరు."

అప్పటి నుంచి ఆ ప్రశ్న మా అందరికీ నోటికి వచ్చేసింది. ఆమె ఏ ఇంటికి పోయినా ముందు గదిలో కూచునేది కాదు, నేరుగా వెనకవైపుకు పోయేది. ఆడవాళ్ళను భుజం మీద చెయ్యేసి దగ్గరికి తీసుకుని మాట్లాడేది. అదంతా ప్రేమ అనుకునేదాన్ని. తలలో పొగ వాసన చూస్తాందని తర్వాత తెలిసింది. ఇప్పుడు తలచుకుంటే రెండూ నిజమే అనిపిస్తాది.

ఆమె అభివృద్ధి అంటే పడని మనిషని చాలామంది అనుకునేవాళ్ళు. కానే కాదు. వజ్రకరూరు వైపు పోయేటప్పుడు గాలిమరలు వరసగా కనిపిస్తే జీపు ఆపించేది. దిగి, కొంగు తల మీద కప్పుకుని, నోరు తెరుచుకుని చూసేది. "వాన రాని ఊరికి గాలైనా పనికొచ్చింది సూడు. ఈ అంకె నిజం పాపా. దీన్ని నెత్తిన పెట్టుకోవల్ల" అనేది. ఆ మరల కిందనే ఆడవాళ్ళు కంప కొట్టుకుని మోపులు కట్టుకుంటా ఉండేవాళ్ళు. "ఆ అంకె గూడా నిజమే. దాన్ని దాచిపెడతాండారు. పైన తిరిగేదాన్ని లెక్కపెట్టి, కింద మోసేదాన్ని వదిలేస్తే నేనొప్పను."

నూరు అనే అంకె కనిపిస్తే ఆమెకు అనుమానం. ఏ మండలం నుంచైనా నూటికి నూరు అని వస్తే సంతకం పెట్టకుండా జీపు తాళాలు అడిగేది. "జ్వరం సూసే పుల్లను ఐసుగడ్డలో పెట్టి తెచ్చినారు. పోయి రోగిని సూసొస్తాం పా" అని బయలుదేరేది.

ఇట్లాంటి మనిషి ఒకనాడు ఏం చేసిందో చెప్పాలి. ఆ రోజు నేను పక్కనే ఉన్నాను.

మా జిల్లాలో పొగపొయ్యిలు పూర్తిగా పోయినాయని ప్రకటించాలని పైన నిర్ణయించినారు. కాగితం మీద ఇండ్ల కన్నా గ్యాసు కనెక్షన్లే ఎక్కువ లెక్క తేలినాయి. మేడం ఒప్పుకోలేదు. మీటింగులో లేచి నిలబడి, "కనెక్షన్ లెక్కపెట్టినాం, వంట లెక్కపెట్టలేదు" అనింది. చివరికి ఢిల్లీ నుంచి ఒక పెద్దాయన వచ్చి రెండు మూడు ఊర్లు చూసి చెప్తాడని తేలింది. ఆయన మన తెలుగాయనే, కోస్తా మనిషి, చాలాకాలంగా అక్కడ పనిచేస్తున్నాడు. ఏ ఊరికి వస్తాడో ముందుగా ఎవరికీ తెలియగూడదు. కానీ తెలిసిపోయింది.

వజ్రకరూరు అవతల ఒక ఊరు. మేము పోయేసరికి షామియానా వేసి, 'పొగలేని మన ఊరు' అని బ్యానరు కట్టినారు. ఊరి నాయకుడు తెల్లబట్టల్లో ఎదురొచ్చినాడు. నాలుగు తరాలుగా ఆ ఊర్లో వాళ్ళ మాటే మాట. మంచి మర్యాదస్తుడు. "రాండి సార్, రా మేడం, భోజనాలు ఉరవకొండ నుంచి హోటల్లో చెప్పినా" అన్నాడు. ఢిల్లీ ఆయన కుర్చీలో కూచుని మజ్జిగ తాగుతాన్నాడు. మేడం కూచోలేదు. ఎప్పటి మాదిరే ఇండ్ల వెనకవైపుకు నడిచింది. నేను వెనకాలే పోయినాను.

మొదటి ఇంటి పెరట్లో పొయ్యి లేదు. గోడకు కొత్తగా సున్నం కొట్టినారు. మేడం వేలితో గీకితే సున్నం కింద మసి. కింద నేల తడిగా ఉంది, అప్పుడే పేడతో అలికినట్టు. ఇంట్లో సిలిండరును కాలితో తోసింది. ఊగింది. మంచం మీద ఇద్దరు పిల్లోళ్ళు కూచుని ఒట్టి బన్నులు తింటాన్నారు. రెండో ఇంట్లో కూడా అంతే. ఆ ఇంటి ముసలామె మమ్మల్ని చూసి ముఖం తిప్పుకుంది.

మూడో ఇల్లు ఓబుళమ్మది. నలభై ఏండ్లుంటాయి, భర్త లేడు, కూలి పని చేసుకుంటాది. పెరట్లో ఒక మూల కందికట్టె కుప్పగా వేసి ఉంది. మేడం ఆ కట్టెను చేతులతో పక్కకు లాగింది. కింద పగిలిన మట్టిపెళ్ళలు. రెండు నోర్ల పొయ్యి అది, ఒక పెళ్ళ మీద శుక్రవారం నాటి ముగ్గు ఇంకా తెల్లగా ఉంది.

"ఎవురు పగలగొట్టినారమ్మా?"

ఓబుళమ్మ తల వంచుకుంది. "నేనే మేడం."

"నువ్వేనా? ఎందుకు?"

"మీరొస్తారని."

 మేడం ముగ్గున్న ఆ పెళ్ళను చేతిలోకి తీసుకుని గొంతుకూచుని అట్లాగే చూస్తా ఉండిపోయింది.  ఓబుళమ్మే మెల్లగా చెప్పింది. నిన్న సాయంత్రం నాయకుని మనుషులు గడ్డపార పట్టుకుని ఇంటింటికీ వచ్చినారంట. మీ పొయ్యి మీరే పగలగొట్టుకోండి, రేపు పెద్దోళ్ళు వచ్చి పోయినాక మళ్ళీ కట్టుకోండి, లేకపోతే పింఛను రాదు అని చెప్పినారంట. ఊర్లో ఆడవాళ్ళంతా ఎవరి పొయ్యి వాళ్ళే పగలగొట్టుకున్నారు. పొద్దున ఏ ఇంట్లోనూ పొయ్యి రాజలేదు.

"నేను అడిగే ప్రశ్నకు భయపడి పొయ్యి పగలగొట్టుకున్నారా" అని మేడం తనలో తను అనుకున్నట్టు అనింది. తర్వాత లేచింది. ఆ లేవడం చూసే నాకు భయమేసింది.

పెరటి గోడ దగ్గర ఉన్న రాళ్ళలో మూడింటిని ఏరింది. ఒకటి నా చేతికిచ్చి, రెండు తను చంకలో పెట్టుకుని వీధిలోకి నడిచింది. షామియానా ముందర, సరిగ్గా ఢిల్లీ ఆయన కుర్చీకి ఎదురుగా ఆ మూడు రాళ్ళు పెట్టింది. "ఓబుళమ్మా, సంగటి సట్టి తే. కట్టె తే" అని కేకేసింది.

నాయకుడు పరిగెత్తుకొచ్చినాడు. "ఏం మేడం ఇది? భోజనాలు దార్లో ఉండాయి."

"రానీ అన్నా. ఊర్లో పిల్లోళ్ళు పొద్దున్నుంచీ బన్నులు తిని ఉండారు, వాళ్ళకు పెట్టు. సారూ నేనూ ఈ ఊరి కూడు తింటాం."

"ఏమమ్మా, బయటోళ్ళ ముందర మా ఊరి పరువు తీస్తాండావు!"

"పొగ కనపడితే పరువు పోదన్నా. ఆడోళ్ళ పొయ్యి వాళ్ళతోనే పగలగొట్టించినావే, అప్పుడు పోయింది."

వీధిలో ఒక్క మనిషి కదల్లేదు. ఓబుళమ్మ ఇంటి వాకిట్లో నిలబడిపోయింది. నాయకుని వైపు చూసింది, మేడం వైపు చూసింది. మేడం ఇంకోసారి పిలవలేదు. తనే కూచుని కందికట్టె విరిచి రాళ్ళ మధ్యన పెట్టి అగ్గిపుల్ల గీసింది. అప్పుడు ఓబుళమ్మ లోపలికి పోయి సట్టి తెచ్చింది. ఇందాక ముఖం తిప్పుకున్న ముసలామె చేటలో రాగిపిండి తెచ్చింది. ఇంకొకామె శెనక్కాయలు, ఎండుమిరపకాయలు తెచ్చి ఊరిబిండి రుబ్బడానికి కూచుంది. కాసేపటికి ఆ మూడు రాళ్ళ చుట్టూ ఊరి ఆడవాళ్ళంతా చేరినారు.

గాలి తిరిగి పొగంతా షామియానాలోకి కొట్టింది. ఢిల్లీ ఆయన కండ్లలో నీళ్ళు. దగ్గుతా కుర్చీ పక్కకు జరుపుకోబోయినాడు.

"సార్, జరగొద్దు" అనింది మేడం. "ఓబుళమ్మకు జరిగేదానికి చోటు లేదు."

ఆయన ఆమె ముఖంలోకి చూసినాడు. కోప్పడతాడనుకున్నాను. కుర్చీ వదిలేసి, ప్యాంటు పైకి లాక్కుని, పొయ్యి దగ్గరికి వచ్చి పీట మీద కూచున్నాడు. "రోజూ ఇట్లాగే వండుతారామ్మా?" అని ఓబుళమ్మను అడిగినాడు.

"రోజూ ఇట్లా యాడ సార్. పొయ్యుంటే ఇంత పొగ రాదు. నిన్న పగలగొట్టుకున్యాం గదా" అని ఓబుళమ్మ తెడ్డు తిప్పుతానే చెప్పింది. ఆడవాళ్ళు పకపకా నవ్వినారు. ఆ నవ్వుతో భయం పోయింది. సిలిండరు బండి యాడ ఆగుతాదో ఒకరు చెప్పినారు, స్టవ్వు మీద సంగటి ఎందుకు కాదో ఇంకొకరు చెప్పినారు. ఆయన ఊరిబిండి నంజుకుని రెండు ముద్దలు తిన్నాడు. నాయకుడు షామియానా గుంజకు ఆనుకుని నిలబడి చూస్తా ఉండిపోయినాడు. తర్వాత ఢిల్లీ ఆయన కారెక్కి వెళ్ళిపోయినాడు.

ఢిల్లీ ఆయన కారు పోయినాక మేము కూడా బయలుదేరతామనుకున్నాను. మేడం బూట్లు విప్పి జీపులో పెట్టింది. చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని ఓబుళమ్మ పెరట్లో మట్టి తొక్కడం మొదలుపెట్టింది. నీళ్ళు పోసి, పొట్టు కలిపి, సాయంత్రం దాకా తొక్కి, ఇద్దరూ కలిసి రెండు నోర్ల పొయ్యి కట్టినారు. డ్రైవరన్న జీపులోని శెనక్కాయ పొట్టంతా ఊడ్చి తెచ్చి మట్టిలో వేసినాడు. "ఇన్నాళ్ళకు పనికొచ్చింది" అన్నాడు.

ఆ పొయ్యే ఆమె మెడకు చుట్టుకుంది. పది రోజులు తిరక్కుండానే మెమో వచ్చింది. పొగపొయ్యిలు పోవాలనే కార్యక్రమంలో ఉండి, తన చేతులతో పొగపొయ్యి కట్టిందని అందులో మొదటి ఆరోపణ. పెద్ద ఆఫీసు నుంచి ఒకాయన విచారణకు వచ్చినాడు. నన్ను సాక్షిగా పిలిచినారు. లోపలికి పోయే ముందు మేడం నన్ను వరండాలో ఆపింది.

"పాపా, నువ్వు చూసిందే చెప్పు. నన్ను కాపాడబాక. ఒక్క ముక్క ఎక్కువ చెప్పినా నేనే లేచి కాదంటా."

చూసిందే చెప్పినాను. తర్వాత విచారణాధికారి ఆమెను అడిగినాడు.

"మీరే స్వయంగా కట్టెలపొయ్యి కట్టారట. నిజమేనా?"

"నిజమే. బాగా కట్టినాను. ఇప్పుడు గూడా పోయి సూడొచ్చు."

"మీ బాధ్యత ఏంటి? మీరు చేసిందేంటి?"

"ఆ పొద్దు సాయంత్రానికి పిల్లోళ్ళకు సంగటి కావల్ల సార్. మన ఇండికేటరు మీద ఎసరు కాగదు."

"దేశం ముందుకు పోతుంటే మీరు వెనక్కి లాగుతున్నారని రాశారు. మీ సమాధానం?"

"యాడికి పోయినామో తెలియకపోతే ముందుకు పోతాండామని ఎట్లా తెలుస్తాది సార్? నేను వెనక్కి లాగలేదు. నిలబడిన చోటు చెప్పినాను. అంతే."

ఆయన క్షమాపణ రాసిస్తే ఇంతటితో మూసేస్తామన్నాడు. మంచిగానే చెప్పినాడు. మేడం తెల్లకాగితం అడిగి తీసుకుంది. దాని మీద 'పొగ ఉండాది' అని రెండు మాటలు రాసి, కింద సంతకం పెట్టి, ఆయన ముందరికి తోసింది.

ఇంక్రిమెంటు ఆపినారు. రావాల్సిన ప్రమోషను రాలేదు. ఊర్లు తిరిగే పని తీసేసి, పక్క జిల్లాలో పాత ఫైళ్ళు సర్దే సీటుకు మార్చినారు. నాకు ఆ ఏడు కాంట్రాక్టు పొడిగించలేదు, మరుసటి ఏడు మళ్ళీ పిలిచినారు. ఇవన్నీ ఆమె ముందే ఊహించింది. ఊహించనిది ఒకటుంది. ఓబుళమ్మ పింఛను ఆగిపోయింది.

ఆ కబురు విన్న రోజు మాత్రం ఆమె ముఖం చూడలేకపోయినాను. "నా రోషానికి ఆయమ్మ ఎందుకు పస్తుండల్ల?" అనింది. ఆ తర్వాత ప్రతి సోమవారం సెలవు పెట్టి, బస్సులో వచ్చి, కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకునే చోట ఓబుళమ్మతో పాటు వరసలో నిలబడేది. ఆఫీసరని చెప్పి ముందుకు పోయేది కాదు. తెలిసినవాళ్ళు చూసి కుర్చీ వేస్తే, "మా ఇద్దరికీ వేస్తే కూచుంటాం" అనేది. ఆమెను చూసి చూసి వాళ్ళకే సిగ్గేసింది. పింఛను మళ్ళీ వచ్చింది. ఆగిన నెలలవి కూడా ఇప్పించేదాకా ఆమె సోమవారాలు ఆపలేదు.

జిల్లాలో పొగపొయ్యిలు పోయినాయన్న ప్రకటన కొన్నాళ్ళు ఆగి, తర్వాత వచ్చేసింది. సభ కూడా జరిగింది. కానీ ఆ ఊరి పేరు అందులో చేర్చలేదు. రోడ్డు మీద ఆగే సిలిండరు బండి ఊర్లోకి రావడం మొదలయింది, చిన్న సిలిండర్లు కూడా వస్తాన్నాయి. సంగటి కెలికినా కదలకుండా స్టవ్వును బిగించుకునే ఇనప చట్రం ఒకటి ఉరవకొండలో ఎవరో వెల్డింగ్ చేసి అమ్ముతాన్నారంట. ఓబుళమ్మ ఒకటి కొనుక్కుంది. ఇప్పుడు రెండు పొయ్యిల మీదా వండుతాది. ఏ పొద్దు దేని మీదో, చేతిలో ఉన్న దుడ్లను బట్టి.

తర్వాతి సర్వేకు కొత్త ప్రశ్నలు వచ్చినాయి. అందులో ఒకటి, 'నిన్నటి వంటకు ఏ పొయ్యి వాడినారు?' ఢిల్లీ ఆయన పెట్టించినాడో, పైనవాళ్ళకే తోచిందో నాకు తెలియదు. నేను ఎగిరి గంతేసి, ఆ కాగితం పట్టుకుని ఆమె దగ్గరికి పోయినాను. అప్పటికే రిటైరై మడకశిర దగ్గర ఊర్లో ఉంది. పశువుల కొట్టం పక్కన మంచం మీద కూచుని, కండ్లద్దాలు సర్దుకుని చదివింది. సంతోషపడుతాదని చూస్తాన్నాను.

"చలికాలం నీళ్ళు దేంతో కాచుకుంటారని అడగలేదే? సగం కట్టె దానికే పోతాది" అనింది. "పోయి చెప్పు."

"ఇంత వచ్చింది కదా మేడం!"

"వచ్చింది గదా, ఇంగ రానీ."

ఆ మాట అంటాంటేనే ఆయాసం వచ్చి ఆగింది. అంతకు ముందే మొదలయిందంట, ఎవరికీ చెప్పలేదు. నడకలో మమ్మల్ని వెనక వదిలేసే మనిషి, మంచం మీంచి లేచి వాకిలి దాకా రావడానికి గోడ పట్టుకుంది. నేను చూస్తే, "ఏం సూస్తావు, బూట్లు లేవు గదా అందుకే" అనింది.

పోయిన నెల అనంతపురంలో ఆసుపత్రిలో చేర్చినారు. నేను రోజూ పోయేదాన్ని. ముక్కుకు నోటికి కలిపి ఆక్సిజన్ మాస్కు. అది ఉన్నా మాట్లాడడం మానలేదు, తీసి మాట్లాడి మళ్ళీ పెట్టుకునేది. నర్సులు అరిచేవాళ్ళు. ఒకరోజు చిన్న వయసు డాక్టరొకాయన కేస్‌షీటు పట్టుకుని వచ్చినాడు. మంచివాడు, మెల్లగా అడిగినాడు.

"బీడీలు ఎన్నేండ్లుగా తాగుతాండావమ్మా?"

మేడం మాస్కు కిందికి లాగింది. "ముట్టలేదు సార్."

"ఊపిరితిత్తులు చూస్తే అట్లా లేవే. ఇంట్లో ఇంకెవరన్నా తాగుతారా?"

"మా ఇంట్లో పొయ్యి తాగుతాండె. పొద్దున, సాయంత్రం. నేను మా యమ్మ పక్కన కూచోని ఊదుగొట్టం ఊదుతాంటి."

ఆయన తల ఊపి ఏదో రాసుకున్నాడు. "ఏం రాసినారు?" అని అడిగింది.

"పొగ అలవాటు లేదని."

"పొగ లేదా?"

"అంటే బీడీ, సిగరెట్ లేదని అమ్మా. ఈ గడిలో అడిగేది అదే."

"నా గుండెకాయ పక్కన ఉండేదాన్ని ఏ గడిలో రాస్తారు?"

"దానికి గడి లేదమ్మా."

ఆమె తమ్ముడు, "అక్కా, మాస్కు పెట్టుకో" అని బతిమాలినాడు. ఆమె వినలేదు. మోచేతి మీద ఆనుకుని పైకి లేచి కూచోబోయింది. నేను వీపు పట్టుకున్నాను. వీపంతా ఎగిరెగిరి పడతాంది.

"గడి లేకపోతే పక్కన రాయి సార్. కాగితంలో చోటుంది గదా."

 డాక్టరు జేబులోంచి పెన్ను తీసి, కాగితం అంచున నిలువుగా రాసినాడు. మేడం నా వైపు చూసింది. నేను వంగి చదివి వినిపించినాను. కట్టెలపొయ్యి పొగ, చిన్నప్పటి నుంచి.

"చిన్నప్పటి నుంచి అంటే యాడిదాకా? ఉద్యోగం వచ్చేదాకా. అది గూడా రాయి."

ఆయన అది కూడా రాసినాడు. రాసి, పెన్ను మూసి, కొంచెం మొహమాటంగా చెప్పినాడు. "అమ్మా, ఇట్లా పక్కన రాసింది కంప్యూటర్లోకి ఎక్కించరు. ఇదేంటని పైనుంచి నన్ను అడుగుతారు."

మేడం రెండు మూడు ఊపిర్లు కూడగట్టుకుంది.

"అడిగితే నన్ను పిలవమను సార్. వస్తా."